వెనక సీటు బ్రేకు

ఆ ఇంట్లో ఆ ఉదయానికి వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. కూతురు పెందలాడే లేచి, రెండు వీధుల అవతలున్న బస్సు డిపోకు వెళ్లి, రోడ్లు ఖాళీగా ఉండగానే డ్రైవరు పరీక్ష ఇచ్చి వస్తుంది. తండ్రి వరండాలో కూర్చుని రేడియో వింటాడు. తల్లి ఇల్లు కదలదు. ఈ చివరిది మాత్రం కూతురు ముందు రోజే పట్టుబట్టి ఖాయం చేసుకున్న సంగతి.

"నా మీద ఒట్టేసి చెప్పు, డిపో దరిదాపులకు రానని."

"నీ మీద ఒట్టేసి, పొరపాటున వచ్చానే అనుకో, నీకేదైనా అయితే? మీ నాన్న మీద వేస్తాను."

"వెయ్యి, వెయ్యి," అన్నాడు తండ్రి రేడియో చెవికి ఆనించుకుని. "నా మీద ఇప్పటికే చాలా ఉన్నాయి. ఒక్కటీ పనిచెయ్యలేదు."

తల్లిని ఆ వీధిలో సైరనమ్మ అనేవారు. ఊళ్లో ఏ మూల అంబులెన్సు కూసినా ఆమె పొయ్యి తగ్గించి, ఇంట్లోవాళ్లలో బయట ఎవరున్నారో వేళ్ల మీద లెక్కపెట్టుకునేది. అందరూ ఇంట్లోనే ఉంటే పక్కింటివాళ్లను లెక్కపెట్టేది. వాళ్లూ ఇంట్లోనే ఉంటే, పాపం ఎవరి పిల్లలో అని కాసేపు కూర్చునేది.

తండ్రి ఒకప్పుడు బ్రెడ్డు ఫ్యాక్టరీ వ్యాను నడిపేవాడు. కళ్లకు శుక్లాలు కమ్ముతున్న రోజుల్లో కూతురికి ఆ వ్యాను మీదే డ్రైవింగు నేర్పాడు. నేర్పడమంటే ముగ్గురూ కలిసి చేసిన పని. ముందు ఏముందో తల్లి కేకేసి చెప్పేది. ఏం చేయాలో తండ్రి చెప్పేవాడు. చేసేది కూతురు. రోడ్డు మీద కోడి కనపడినా, కోడి నీడ కనపడినా తల్లి కుడికాలితో నేలను బలంగా తొక్కేది. అలా తొక్కీ తొక్కీ అక్కడి రబ్బరు పట్టా అరిగిపోయి కింద రేకు బయటపడింది. "ఈ బండికి రెండు బ్రేకులు. ఒకటి కంపెనీవాడు పెట్టింది, రెండోది మీ అమ్మ పెట్టింది," అనేవాడు తండ్రి.

ఆయనకు చూపు మందగించాక ఫ్యాక్టరీ వ్యానును వెనక్కి తీసుకుంది. ఇక ఇల్లు నడవాలంటే కూతురికి ఈ ఉద్యోగం రావాలి. ఆ మాట తల్లికీ తెలుసు. అయినా అంత పెద్ద బస్సు, దాని నిండా మనుషులు, వాళ్లందరి ప్రాణాలూ తన పిల్ల చేతిలో అనుకోగానే ఆమె కుడికాలు వంటింట్లోనే నేలను తొక్కేది.

ఆమెకూ దేవుడికీ మధ్య ఒక పాత పేచీ ఉంది. అడిగినవన్నీ ఆయన ఇచ్చేవాడు. కాకపోతే అడిగిన స్టాపులో కాకుండా ఆ తరవాతి స్టాపులో ఇచ్చేవాడు. వాన కావాలని ఎండాకాలమంతా అడిగితే దుప్పట్లు ఉతికి ఆరేసిన రోజు ఇచ్చాడు. ఒక్కటి మాత్రం అసలే ఇవ్వలేదు. "ఈ భయమన్నా తీసెయ్యి, లేదా ఈ నోరన్నా కట్టెయ్యి," అని పెళ్లయిన కొత్త నుంచీ అడుగుతోంది. రెండూ అలాగే ఉన్నాయి. పైగా ఒకదానికొకటి తోడై ఏపుగా పెరిగాయి.

"తొందరపడతావెందుకే? ఆయన టైము ఆయనకుంటుంది," అనేవాడు తండ్రి.

"ఆయనకు ఉంటుంది. నాకెక్కడుంది?" అనేది ఆమె.

ఆ ఉదయం కూతురు గడప దాటగానే తల్లి వంటింటి కిటికీ దగ్గర నిలబడి చేతులు జోడించింది. "దేవుడా, ఉద్యోగం ఇస్తే ఇయ్యి, నేను కాదనను. ఇవాళ ఒక్కరోజు మాత్రం ఆ బస్సు కదలకుండా చూడు. రేపటికల్లా మనసు గట్టి చేసుకుంటాను."

కళ్లు తెరిచేసరికి గట్టు మీద కూతురి భోజనం డబ్బా కనపడింది.

"అయ్యో, పిల్ల డబ్బా మరిచిపోయిందండీ."

"అది మరిచిపోయిందా, నువ్వు సంచిలోంచి తీశావా?"

"ఇంకొక్క ముద్ద పెడదామని తీశాను. మళ్లీ పెట్టడం మరిచాను. ఏం, నేను కావాలని చేశానా?"

"నేనేమన్నాను? ఒట్టు నా మీదే కదా, వెళ్లిరా," అన్నాడు తండ్రి. "నాకేమైనా అయితే రేడియో కట్టేసి పోతాలే."

డబ్బా డిపో గేటు దగ్గర కాపలావాడికి ఇచ్చేసి వచ్చేయాలని ఆమె గట్టిగా అనుకుంది. గేటు దగ్గర కాపలావాడు లేడు. ఆవరణలో మాత్రం పరీక్ష బస్సు నిలబడి ఉంది. దాని డ్రైవరు సీట్లో కూతురు, మెడ నిలువుగా పెట్టి, చేతులు స్టీరింగు మీద పెట్టి బొమ్మలా కూర్చుంది. తల్లి చటుక్కున బస్సు వెనక నక్కింది.

బస్సు పక్కన తెల్లచొక్కా వేసుకుని, చేతిలో గాజుగ్లాసు నిండా టీతో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. టీగ్లాసు సారంటే ఆయనే అని తల్లికి అర్థమైంది. ఆయన సంగతి తండ్రి కథలు కథలుగా చెప్పాడు. పరీక్ష పెట్టేటప్పుడు ఆ గ్లాసు గుండెల దగ్గర పట్టుకుని ముందు సీట్లో కూర్చుంటాడు. తాగడు, మాట్లాడడు, వెనక్కి తిరిగి చూడడు. టీ తొణికి చొక్కా మీద పడిందా, ఉద్యోగం పోయినట్టే. కూతురు రెండుసార్లు ఆయన చొక్కా పాడుచేసింది. రెండుసార్లూ వంతెన ఎత్తు మీదే.

మెకానిక్కు ఇంజను మూత ఎత్తి లోపల తలపెట్టి ఉన్నాడు. "కదలదు సార్. బ్యాటరీ చచ్చిపోయింది."

తల్లికి పైప్రాణాలు పైనే పోయాయి. ఇన్నేళ్లలో దేవుడు ఆమె మాట ఇంత తొందరగా వినడం ఇదే మొదలు.

"చూడమ్మాయ్," అన్నాడు టీగ్లాసు సారు. "నీకిది మూడోసారి. ఇవాళ పరీక్ష జరగకపోయినా నువ్వు తప్పినట్టే రాసుకోవాలి. నాలుగోసారి అనేది మా దగ్గర లేదు."

ఆ సంగతి కూతురు ఇంట్లో చెప్పలేదు. తల్లి తొంగి చూసింది. స్టీరింగు మీది నుంచి కూతురి చేతులు కిందికి జారిపోయాయి. ఆ జారిన చేతులు చూడగానే తల్లికి తన ప్రార్థన తననే వచ్చి కొరికినట్టయింది. "దేవుడా, ఇందాకటిది కొట్టెయ్యి. నేను తెలియక అన్నాను. ఆ బస్సు కదలాలి. ఎలాగైనా కదలాలి."

ఈ గొడవలో పొద్దెక్కి ఎండ ముదిరింది. బస్సు వెనక తలుపు తెరిచే ఉంది. ఒక్క నిమిషం కూర్చుని, డబ్బా సీటు మీద పెట్టి దిగిపోదామని ఎక్కింది. అవతల మెకానిక్కు బుర్ర గోక్కున్నాడు. పక్కనే బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న రూటు బస్సు బ్యాటరీ పీకి తెచ్చి దీనికి బిగించాడు. సారు ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. ఇంజను గుర్రుమంది. బస్సు కదిలింది, వెనక సీట్లో తల్లితో సహా.

అరుద్దామంటే పిల్ల బెదిరిపోతుంది. దిగుదామంటే బస్సు గేటు దాటేసింది. ఒట్టు సంగతి చెప్పనక్కరలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తల్లి డబ్బా ఒళ్లో పెట్టుకుని, సీట్ల మధ్యకు జారి, నేల మీద చతికిలబడింది. కుడికాలు మాత్రం దానంతట అదే చాచుకుని ముందు సీటు కాలిని తొక్కిపెట్టింది.

మొదటి సిగ్నలు దగ్గర బస్సు ఆగింది. ఎందుకు ఆగిందో చూడకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు. సీట్లోకి లేచి కిటికీలోంచి చూసింది. సరిగ్గా అక్కడే బస్సు స్టాపు. బ్యాటరీ పోగొట్టుకుని డిపోలో పడి ఉన్న రూటు బస్సు కోసం చూసి చూసి విసిగిన జనం అక్కడ గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్లకు బస్సు కనపడింది, అందులో ఒక ఆడమనిషి ముఖం కనపడింది.

"'శిక్షణ' అని రాసుంది కదండీ," అన్నారెవరో.

"మనిషి కూర్చునుంటే రాత ఎవరు చూస్తారయ్యా? ఎక్కండి," అంది ఒక బడి పంతులమ్మ, అందరికంటే ముందు ఎక్కుతూ.

వెనక తలుపులోంచి జనం పొలోమని ఎక్కారు. ఒక నర్సు, ఒక ముసలాయన, ఆయన బుట్టలో ఒక కోడి. ఆ కోడిని చూడగానే తల్లి కాలు అలవాటుగా నేలను తొక్కింది.

"దిగండి, దిగండి," అని ముందు నుంచి సారు కేక వినిపించింది. "ఇది పరీక్ష బస్సు."

"నాకూ పరీక్షేనండీ," అంది పంతులమ్మ. "పిల్లలు బయట నిలబడి ఉంటారు. గది తాళం నా దగ్గరుంది."

సారు ఇంకేదో అనబోయాడు. ఈలోగా ముందు తలుపులోంచి ఒక వడ్రంగి ఎక్కాడు. ఒంటరిగా ఎక్కలేదు, ఒక తలుపుతో ఎక్కాడు. కొత్తగా చెక్కిన నిండు తలుపు. దాన్ని నిలువుగా లోపలికి తోసి, సారు సీటు ముందు నిలబెట్టాడు. పైకొస ఇనప కడ్డీకీ కింది కొస మెట్టుకీ మధ్య బిగుసుకుపోయి, అది అక్కడే పుట్టి పెరిగినట్టు నిలిచిపోయింది. తలుపుకు ఇవతల వడ్రంగి, అవతల గ్లాసుతో సహా టీగ్లాసు సారు.

"ఏమయ్యా, తియ్యి దీన్ని," అన్నాడు సారు తలుపు అవతల నుంచి.

"తీస్తే మళ్లీ ఎక్కించలేను బాబూ. రాత్రంతా ఆ ఇంటివాళ్లు దుప్పటి అడ్డం కట్టుకుని పడుకున్నారు. కాస్త ఓపిక పట్టండి, వంతెన దిగాక బడి పక్క వీధే."

సారు లేవబోయాడు. లేస్తే టీ ఒలుకుతుంది. తనంతట తాను ఒలికించుకుంటే ఎవరు తప్పినట్టో ఆయన ఇన్నేళ్ల సర్వీసులో ఎప్పుడూ ఆలోచించలేదు. మళ్లీ కూర్చున్నాడు. పచ్చ లైటు పడింది. వెనక బండ్లన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి. "పోనివ్వమ్మా," అన్నాడు తలుపు వెనక నుంచి, బావిలోంచి మాట్లాడినట్టు.

బస్సు కదిలింది. తల్లి చేతులు జోడించి, "దేవుడా, వీళ్లందర్నీ దింపెయ్యి," అని వేడుకుంది. తరవాతి స్టాపులో ఇంకో పదిమంది రోడ్డుకు అడ్డం వచ్చి మరీ ఎక్కారు.

"కండక్టరమ్మా, కాస్త అందర్నీ ముందుకు జరగమనండి," అంది పంతులమ్మ ఆమెతో. నిలబడ్డవాళ్లంతా ఆమె ఒళ్లో డబ్బాను టికెట్ల పెట్టె అనుకుంటున్నారని అప్పటికి తెలిసింది.

"నేను కండక్టర్ని కాదమ్మా."

"మరి ఎవరు?"

తల్లి డబ్బాను పొట్టకు హత్తుకుని ముందుకు చూసింది. మనుషుల భుజాల సందులోంచి ఆమెకు కూతురి వీపు కనిపిస్తోంది. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. మెడ ఇందాకటిలాగే నిలువుగా, కొయ్యలాగా ఉంది. సందు మలుపులో ఒక సైకిలు అడ్డంగా దూసుకొచ్చింది. తల్లి నోరు ఎవరి అనుమతీ అడగలేదు.

"సైకిలే, ఎడమపక్క సైకిలు. నెమ్మది."

"చూశానమ్మా," అంది కూతురు అలవాటుగా. బస్సు ఒద్దికగా పక్కకు ఒరిగి సైకిలును దాటింది. ఆ తరవాతే కూతురు తల ఎత్తి అద్దంలోకి చూసింది. అద్దంలో తల్లి కళ్లు, వాటి కింద కోడి తల.

"నాన్న మీద ఒట్టేశావు కదే."

"మీ నాన్న బాగానే ఉన్నారు. నువ్వు రోడ్డు చూడు. ముందు ముసలావిడ. వెనక లారీ. ఆ కుర్చీలు మోసేవాడు ఇటే వస్తాడు చూడు, వాడి వాలకం నాకు నచ్చలేదు."

"వచ్చాడు, పోయాడు."

నర్సు నవ్వి కూతుర్ని అడిగింది. "మీ అమ్మగారా?"

"మా ఇంటి హారనండీ," అంది కూతురు. ఆ మాటతో కొయ్యలా ఉన్న మెడ కాస్త వదులయింది. బ్రెడ్డు వ్యాను నడిపిన పిల్ల ఇన్నాళ్లకు ఆ సీట్లోకి వచ్చి కూర్చున్నట్టనిపించింది.

ముసలాయన కోడిని సంబాళించుకుంటూ తన స్టాపు తప్పిపోతుందని గోల పెట్టాడు. పంతులమ్మ ఆయన్ను క్లాసులో పిల్లాణ్ని కసిరినట్టు కసిరింది. కోడి పంతులమ్మను కసిరింది. తలుపు వెనక నుంచి సారు ఏదో నిబంధన చెబుతున్నాడు కానీ ఎవరికీ వినిపించడం లేదు. ఆ గలాటా మధ్యలోంచి కూతురు బస్సును పాల గిన్నె మోసుకెళ్తున్నట్టు నడిపింది.

అప్పుడొచ్చింది వంతెన.

ఎత్తు సగం ఎక్కాక ముందు బండ్లు నిలిచిపోయాయి. బస్సు కూడా ఆగింది. ముక్కు ఆకాశం వైపు, వీపు పల్లం వైపు. వెనక ఆనుకునే లారీ. బయలుదేరేటప్పుడు జానెడు వెనక్కి జారినా లారీ ముక్కు పగులుతుంది. బస్సులో అందరికీ ఒకేసారి ఆ సంగతి తట్టింది. కోడితో సహా అందరూ నోళ్లు మూసుకున్నారు.

ఆ నిశ్శబ్దంలో కూతురి మెడ మళ్లీ కొయ్య అయిపోవడం తల్లి చూసింది. ముందు బండ్లు కదిలాయి. బస్సు కదల్లేదు.

"అమ్మా," అంది కూతురు, అద్దంలోకి చూడకుండానే. "ఏదైనా అనవే."

పుట్టి బుద్ధెరిగాక ఆమెను ఎవరూ మాట్లాడమని అడగలేదు. అందరూ ఆపమన్నవాళ్లే. తల్లి నోరు తెరిచింది. నోట్లోంచి ఒక్క మాట రాలేదు. ఇన్నేళ్లుగా కట్టెయ్యమని మొరపెట్టుకున్న నోరును దేవుడు సరిగ్గా ఇప్పుడే కట్టేశాడేమోనని భయమేసింది. ఆ భయమే ఆమెను కాపాడింది. భయం పుట్టాక మాట ఆగడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు.

"వెనక లారీ ఉందే," అంది. తరవాత కట్ట తెగింది. "లారీవాడు నిద్రమొహంతో ఉన్నాడు, వాణ్ని నమ్మకు. నీ చేతికి చెమట పట్టుంటుంది, చొక్కాకు తుడుచుకో. చిన్నప్పుడు పలక పట్టుకున్నా జారేది నీకు. ఈ ముసలాయన వెనక తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు, ఏమండీ, మీరు ఇటు రండి. డబ్బాలో పులుసు వేరుగా పెట్టాను, ఒలికి ఉంటుందేమో. మీ నాన్న రేడియో కట్టేశారో లేదో. చెప్పులో రాయి ఏమైనా ఉందేమో చూసుకున్నావా? లేకపోతే ఇంకెందుకు ఆలస్యం, కానియ్యి, కదులు, నేను ఇక్కడ తొక్కిపట్టాను."

కూతురు చెయ్యి తుడుచుకుంది. నిజంగానే చెమట పట్టి ఉంది. ఇంజను మూలిగింది. తల్లి పళ్లు బిగించి కుడికాలిని నేలలోకి దిగేసింది. పక్కనున్న నర్సు కాలు కూడా తెలియకుండానే నేలను తొక్కింది. పంతులమ్మా తొక్కింది. బస్సు ఒక్క అంగుళం కూడా వెనక్కి జారకుండా, నిద్రపోయే పిల్లను భుజాన వేసుకున్న మనిషిలా మెల్లగా వంతెన ఎక్కి, మెల్లగా దిగింది.

దిగువన ఆసుపత్రి దగ్గర నర్సు దిగింది. బడి దగ్గర పంతులమ్మ తాళంచెవి ఊపుతూ పరుగెత్తింది. ముసలాయన దిగాక బుట్టను ఎత్తి చూపించాడు, కోడి కూడా కృతజ్ఞత చెబుతోందన్నట్టు. ఆ పక్క వీధిలో వడ్రంగి తలుపును పెకలించాడు. దాని వెనక నుంచి, తవ్వకాల్లో బయటపడ్డ విగ్రహంలా, టీగ్లాసు సారు కనిపించాడు.

డిపోలో బస్సు ఆగగానే తల్లి పరుగున ముందుకు వచ్చి ఆయన దారికి అడ్డం నిలబడింది.

"తప్పంతా నాదయ్యా. బస్సు కదలకూడదని మొక్కిందీ నేనే, కదలాలని మొక్కిందీ నేనే. ఆ జనం ఎక్కింది నా మొహం చూసి. పిల్ల పాపం ఎరగదు. నాలుగోసారి లేదంటున్నారు, ఈ మూడోదాన్ని నా పేరున రాసుకోండి."

"పక్కకు జరగండమ్మా," అన్నాడు సారు.

కూతురు సీట్లోంచి లేవలేదు. లేస్తే ఇక మళ్లీ కూర్చోవడం ఉండదని తెలిసినట్టు స్టీరింగు పట్టుకునే ఉంది.

"పరీక్షలో ప్రయాణికుల్ని ఎక్కించకూడదు," అన్నాడు సారు నింపాదిగా. "కానీ నేను ప్రయాణికుల్ని చూడలేదు. ఏమీ చూడలేదు. తలుపు చూశాను. దాని చెక్కడం బాగుంది. కనపడనిదాని మీద నేను మార్కులు వెయ్యను. నాకు కనపడిందల్లా ఇదొక్కటే."

గ్లాసు ఎత్తి చూపించాడు. టీ పోసిన గీత దగ్గరే ఉంది, మీద మీగడ కట్టి. చొక్కా మల్లెపువ్వులా ఉంది. ఆయన ఆ మీగడను వేలితో తీసి, చల్లారిన టీని గటగటా తాగేశాడు. సారు పరీక్ష టీ తాగడం చూసిన మెకానిక్కు చేతిలో పానా జారవిడిచాడు.

"రెండుసార్లు నా చొక్కా తడిపావు. అప్పుడు బస్సు ఖాళీ, నేను నోరు మెదపను. ఇవాళ సంత నెత్తినెక్కినా చుక్క పడలేదు. ఏమిటమ్మాయ్ సంగతి?"

"నిశ్శబ్దంగా ఉంటే భయం సార్. ఎవరూ ఏమీ అనకపోతే, ఏదో పెద్దదే రాబోతోందనిపిస్తుంది. మా అమ్మ వాగుతూ ఉంటే రాబోయేవన్నీ ముందే అయిపోయినట్టుంటుంది."

తల్లి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈసారి నోరు కట్టెయ్యాల్సిన అవసరం దేవుడికి లేకపోయింది.

"మా బస్సులు ఖాళీగా ఎక్కడ తిరుగుతాయి?" అన్నాడు సారు దిగుతూ. "సోమవారం పొద్దున డ్యూటీకి రా. మెకానిక్కూ, ఈ బ్యాటరీ పీకి ఆ రూటు బస్సుకు పెట్టు ముందు."

ఇంటికి వచ్చేసరికి తండ్రి వరండాలో క్షేమంగానే ఉన్నాడు. సంగతంతా విని, ఎప్పటి మాటే అన్నాడు. "చెప్పలేదుటే, ఆయన టైము ఆయనకుంటుందని? ఆ నోరు పెళ్లయిన కొత్తలోనే కట్టేసి ఉంటే ఇవాళ పిల్ల వంతెన మీదే ఉండేది."

"ఆ ముక్క నాకు ముందే చెబితే ఆయన సొమ్మేం పోయింది? ఇన్నేళ్లూ ఊరికే అడిగాను," అంది తల్లి. అని, ఇంతలో దూరంగా అంబులెన్సు వినపడితే వేళ్లు మడిచింది. ఒకటి, రెండు, మూడు. ముగ్గురూ వరండాలోనే ఉన్నారు. ఆ రోజు పక్కింటివాళ్లను లెక్కపెట్టలేదు.

సోమవారం పొద్దున మొదటి బస్సులో మొదటి టికెట్టు తల్లిదే. భయం తీసెయ్యమని ఆమె ఇంకెప్పుడూ అడగలేదు. వెనక సీట్లో డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుని, దారి పొడుగునా వచ్చేవీ పోయేవీ అన్నీ అప్పజెప్పింది. వంతెన దిగి, బడి ముందు పిల్లలు రోడ్డు దాటుతుంటే బలమంతా పెట్టి కుడికాలితో నేలను తొక్కింది.

బస్సు మెత్తగా ఆగింది. ఏ బ్రేకుకు ఆగిందో ఆ పైవాడికే తెలియాలి.